అమ్మ షుగర్, బీపీ మాత్రలకి కౌంటర్లో 612 డాలర్లు అడిగారు, డిస్కౌంట్ కార్డు పనిచేసుద్దా?

తెనాలిఅమ్మాయి (ఫ్రిస్కో)
శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అమ్మ జనవరిలో అమెరికా వచ్చింది, ఏప్రిల్లో వెళ్లాల్సింది, మా చిన్నదానికి ఒంట్లో బాగోక ఇంకో మూడు నెలలు ఉండమన్నాం. తెచ్చుకున్న మాత్రలు ఇంకో తొమ్మిది రోజులకి వస్తాయి అంతే. తను వాడేది షుగర్‌కి గ్లైకోమెట్ జీపీ 2 రోజుకి రెండు, బీపీకి టెల్మా 40 ఒకటి, థైరాయిడ్‌కి థైరోనార్మ్ 50 ఒకటి. విజిటర్ ఇన్సూరెన్స్ ఉంది కానీ పాత జబ్బుల మందులకి ఇవ్వమని కాయితంలోనే రాసుకున్నారు.

ఇండియా చీటీ ఇక్కడ చెల్లదన్నారని నిన్న ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, ఆయన పాత రిపోర్టులన్నీ చూసి రక్తపరీక్ష చేయించి మూడు నెలలకి రాసి ఫార్మసీకి పంపాడు. ఇవాళ తెచ్చుకుందామని పోతే కౌంటర్లో అమ్మాయి మొత్తం కలిపి 612 డాలర్లు అంది. అమ్మ పక్కనే ఉంది, ఎంతంట అని అడిగింది, నేను చెప్పలా, స్టాకు లేదంటమ్మా రేపు రమ్మన్నారు అని కార్లో కూర్చోబెట్టా. చెబితే ఈ రాత్రి నుంచే రోజు విడిచి రోజు వేసుకుంటది, నాన్న ఉన్నప్పుడు డబ్బులకి ఇబ్బందైన ఏడాది అట్లాగే చేసి ఆస్పత్రి పాలైంది.

పోస్టులో ఒక డిస్కౌంట్ కార్డు వచ్చింది, ఊరికే ఇచ్చేది, పారేయబోయి ఉంచా. ఇలాంటివి నిజంగా పనిచేస్తాయా? ఇక్కడ ఇన్సూరెన్స్ లేనివాళ్లు వాడొచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కరీంనగర్_కాలంబస్
శనివారం రాత్రి 9:31

అక్కా, పనిచేస్తది, భయపడకు. మా బాపు వచ్చినప్పుడు నేను గిట్లనే చేసిన. గుడ్‌ఆర్ఎక్స్, సింగిల్‌కేర్ అని యాప్‌లు ఉంటయ్, మందు పేరు, మిల్లీగ్రాములు, ఎన్ని గోలీలు, నీ జిప్ కోడ్ కొడితే చుట్టుపక్కల ఏ ఫార్మసీల ఎంత అనేది చూపెడ్తది. పౌరసత్వం అడగరు, ఇన్సూరెన్స్ అడగరు, పైసలు కట్టేది లేదు. ఫోన్‌ల కూపన్ కౌంటర్ మీద చూపెట్టుడే. ఒకటే ఊర్ల ఒక దుకాణంల 18 ఉన్నది ఇంకోదాంట్ల 70 ఉంటది, అందుకని నాలుగు చోట్ల చూసినంకనే పో.

జెర్సీబావ
శనివారం రాత్రి 9:40

ఇండియా నుంచి కొరియర్ పెట్టించుకోండి, మా వాళ్లు అట్లానే చేస్తున్నారు.

ఫార్మసీకౌంటర్ (ఎడిసన్)
శనివారం రాత్రి 10:25

జెర్సీబావ గారూ, కొరియర్ నమ్ముకోవద్దండి. మనతోపాటు తెచ్చుకునేదానికి మామూలుగా 90 రోజుల వరకు ఇబ్బంది పెట్టరు గానీ, విడిగా పార్సిల్లో తెప్పించుకోవడం చాలావరకు చట్టం ఒప్పుకోదు, మధ్యలో ఆపేస్తే ఇక రాదు. ఆమెకి చేతిలో ఉన్నది తొమ్మిది రోజులు.

తెనాలిఅమ్మాయి గారూ, నేను ఫార్మసీలో టెక్నీషియన్‌గా తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. ముందు ఒక్కటి చెప్పండి. గ్లైకోమెట్ జీపీ అనేది మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ కలిపిన మాత్ర, ఈ దేశంలో ఆ కలిపిన మాత్ర దొరకదు కాబట్టి మీ డాక్టర్ రెండూ విడివిడిగా రాసుంటాడు. అందులో మెట్‌ఫార్మిన్ దగ్గర ఈఆర్ అని ఉంటుంది, మనం ఇండియాలో ఎస్ఆర్ అనేది, అంటే మందుని మెల్లగా వదిలే మాత్ర. ఆ ఈఆర్ పక్కన ఓఎస్ఎమ్ అని గానీ మోడ్ అని గానీ ఏమైనా ఉందా? ఫార్మసీ యాప్‌లో మీ అమ్మగారి పేరు మీద చూస్తే కనిపిస్తుంది. అది చూసి చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడదాం.

తెనాలిఅమ్మాయి (ఫ్రిస్కో)
శనివారం రాత్రి 10:48

అక్కా చూశా, ఉంది!! మెట్‌ఫార్మిన్ ఈఆర్ ఓఎస్ఎమ్ 500 అని ఉంది, 180 మాత్రలు. ఒక్కదానికే 400 పైన చూపిస్తుంది. అంటే ఏంటి, తప్పు మందా?

ఫార్మసీకౌంటర్ (ఎడిసన్)
శనివారం రాత్రి 11:20

తప్పు మందు కాదు, అదీ మెట్‌ఫార్మినే. ఈఆర్ మెట్‌ఫార్మిన్ ఇక్కడ మూడు రకాలుగా వస్తుంది. ఒకటి మామూలు ఈఆర్, గ్లూకోఫేజ్ ఎక్స్ఆర్ అనే బ్రాండ్‌కి జెనెరిక్, అంటే బ్రాండ్ పేరు లేకుండా అమ్మే అదే మందు, అది చాలా చౌక. రెండోది ఫోర్టమెట్ అనే బ్రాండ్‌కి జెనెరిక్, దానికే ఓఎస్ఎమ్ అని రాస్తారు. మూడోది గ్లూమెట్జా జెనెరిక్, దానికి మోడ్ అని రాస్తారు. మూడింటిలో ఉన్న మందు ఒకటే, మాత్ర లోపల మందు మెల్లగా వదిలే పద్ధతి వేరు. ధర మాత్రం ఎన్నో రెట్లు తేడా. డాక్టర్ కంప్యూటర్లో మెట్‌ఫార్మిన్ అని కొట్టగానే వరసగా ఓ జాబితా వస్తుంది, అందులో పైనున్నది నొక్కేస్తారు, ఆయన స్క్రీన్ మీద చాలాసార్లు ధర కనపడదు. ఇది నేను వారంలో రెండు మూడు సార్లయినా చూస్తాను, పాపం పెద్దవాళ్లు వచ్చి ధర వినేసి మందు తీసుకోకుండా వెళ్లిపోతారు, ఆ వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీరే మార్చలేరు, ఫార్మసీ కూడా తనంతట తాను ఒకదానికి బదులు ఇంకోటి ఇవ్వలేదు. సోమవారం పొద్దున్నే డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి మామూలు మెట్‌ఫార్మిన్ ఈఆర్‌కి మార్చి పంపమని అడగండి, ఓఎస్ఎమ్ వద్దు అని ఆ మాటే చెప్పండి, రిసెప్షన్లో అమ్మాయి కూడా రాసుకోగలదు.

ఇక కార్డు సంగతి. దాని మీద నాలుగు రకాల అంకెలుంటాయి, బిన్, పీసీఎన్, గ్రూప్, మెంబర్ ఐడీ. కౌంటర్లో మేం కొట్టేది అవే. కొట్టగానే మీ బిల్లు ఒక పీబీఎమ్ అనే మధ్యవర్తి కంపెనీకి వెళ్తుంది, ఇన్సూరెన్స్ వాళ్ల తరఫున ఫార్మసీలతో ధరలు మాట్లాడుకునేది వాళ్లే. ఆ మాట్లాడుకున్న ధర ఇన్సూరెన్స్ లేనివాళ్లకి కూడా అందేలా చేసేదే ఈ కార్డు. మరి డబ్బులు ఎవరికొస్తాయంటే, మీరు కొన్న ప్రతిసారీ ఫార్మసీ ఆ మధ్యవర్తికి కొంత ఫీజు కడుతుంది, అందులో కార్డు కంపెనీకి వాటా పోతుంది. కార్డు మీకు ఊరికే రావడానికి కారణం అదే.

మరి అసలు కౌంటర్ ధరే అంత ఎందుకు పెడతారని అందరూ అడుగుతారు. ఇన్సూరెన్సుల ఒప్పందాల్లో సాధారణంగా ఒక మాట ఉంటుంది, ఒప్పుకున్న ధర, ఫార్మసీ మామూలుగా నగదుకి అమ్మే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తాం అని. నగదు ధర తగ్గించి పెడితే ఇన్సూరెన్సుల నుంచి వచ్చేది కూడా తగ్గిపోతుంది, అందుకని నగదు ధర ఆకాశంలో పెట్టేస్తారు, దాని దెబ్బ తగిలేది కార్డూ ఇన్సూరెన్సూ ఏదీ లేకుండా వచ్చే మీ అమ్మగారి లాంటివాళ్లకి.

గోదారిగట్టు
ఆదివారం ఉదయం 7:05

ఫార్మసీకౌంటర్ గారూ మీరు చెప్పిందంతా చదివానండి, ఎంత బాగా చెప్పారండి. నేను ఆస్టిన్లో ఉంటానండి, పోయినేడాది ఉద్యోగం పోయినప్పుడు ఇన్సూరెన్స్ కూడా పోయింది, ఆ ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకునే కోబ్రా తీసుకుందామంటే నెలకి ఇంటద్దెంత చెప్పారు. నాకు ఆస్తమా ఉందండి, పీల్చే పంపు లేకుండా పడుకోలేను. ఇండియాలో సాల్బుటమాల్ అనేదాన్ని ఇక్కడ ఆల్బుటెరాల్ అంటారని కూడా నాకు అప్పుడే తెలిసింది, పాత పేరు కొడితే యాప్‌లో ఏమీ రాక చాలాసేపు కంగారుపడ్డాను. ఆల్బుటెరాల్ అని కొట్టి కూపన్ తీస్తే 27 డాలర్లకి వచ్చిందండి, కౌంటర్లో చెప్పింది 70 దాకా. బ్రాండ్ పంపులు వాడేవాళ్లకైతే 2024 మార్చిలో మూడు పెద్ద కంపెనీలు నెలకి 35 డాలర్లు మించకుండా చేస్తామని ప్రకటించాయండి, దానికి కార్డు ఆ మందు కంపెనీ వెబ్‌సైట్లోనే తీసుకోవాలి.

రెండోవైపు
ఆదివారం ఉదయం 9:50

అందరూ వాడమనే చెప్తున్నారు కాబట్టి ఈ సంగతి కూడా తెలుసుకోండి. 2023 ఫిబ్రవరిలో ఎఫ్‌టీసీ, అంటే వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ, గుడ్‌ఆర్ఎక్స్ మీద కేసు పెట్టింది, జనం వెతికిన మందుల వివరాలు వాళ్లకి చెప్పకుండా ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకి పంపారని. 15 లక్షల డాలర్ల జరిమానా కట్టి సెటిల్ చేసుకున్నారు, తప్పు ఒప్పుకోలేదు. ఆస్పత్రులకీ ఫార్మసీలకీ వర్తించే, రోగుల వివరాలు బయటపెట్టకూడదనే హిప్పా చట్టం ఇలాంటి యాప్‌లకి చాలావరకు వర్తించదు. మనం ఏ మందు వెతికామో దాన్నిబట్టి ఏ జబ్బో తెలిసిపోద్ది కదా. మా చెల్లికి డిప్రెషన్ మందులు కొన్నాం, ఆ విషయం ఇంట్లోవాళ్లకే చెప్పలేదు, అలాంటిది ప్రకటనల కంపెనీకి ఎందుకు తెలియాలి?

కరీంనగర్_కాలంబస్
ఆదివారం ఉదయం 10:15

నీ మాట నిజమే అన్నా, కాదనను. కానీ 400 కట్టలేక గోలీలు బంద్ చేసేటోళ్లకు ఏం చెప్తం? లాగిన్ కాకుండ కూడ ధర చూడొచ్చు, కూపన్ కాయితం మీద ప్రింట్ తీసుకొని పోవచ్చు. ఫోన్ నంబర్, ఈమెయిల్ అడిగిన కాడ ఇయ్యకు. నేను గట్లనే చేస్త.

రెండోవైపు
ఆదివారం ఉదయం 10:22

అది మంచి పద్ధతి. నేను వద్దనట్లేదు, తెలిసి వాడమంటున్నా. ఇంకోటి, కార్డు ఇవ్వడానికి సోషల్ సెక్యూరిటీ నంబరో బ్యాంకు ఖాతానో అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

తెనాలిఅమ్మాయి (ఫ్రిస్కో)
ఆదివారం మధ్యాహ్నం 12:40

అందరికీ చాలా థాంక్స్ అండి, రాత్రి కొంచెం నిద్రపట్టింది. ఒక డౌట్, నాకూ మావారికీ ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది, డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు ఏడాదిలో మేం కట్టుకోవాల్సింది, 3200. మా సొంత మందులకి కూడా కార్డు వాడితే చౌకగా వచ్చుద్దా, రెండూ కలిపి వాడొచ్చా?

కరీంనగర్_కాలంబస్
ఆదివారం మధ్యాహ్నం 12:58

కలిపి వాడరాదు, ఏదో ఒకటే. నేనైతే ఎప్పటికీ కార్డే. ఇన్సూరెన్స్‌ల కోపే, అంటే మనం కట్టే వాటా, 15 అన్నది కార్డు మీద 9కే వస్తది.

ఫార్మసీకౌంటర్ (ఎడిసన్)
ఆదివారం మధ్యాహ్నం 2:10

తమ్ముడూ, ఎప్పటికీ కార్డే అనడంతో నేను ఒప్పుకోను. కార్డు మీద కట్టింది డిడక్టిబుల్ లెక్కలోకి దానంతట అది రాదు. కొన్ని ఇన్సూరెన్సులు రసీదు పంపితే కలుపుతాయి, చాలా కలపవు, ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. ఆ ఏడాది ఇంట్లో కాన్పు ఉందనుకోండి, ఆపరేషన్ ఉందనుకోండి, డిడక్టిబుల్ ఎటూ నిండుతుంది, అలాంటప్పుడు జనవరి నుంచే మందులు కూడా ఇన్సూరెన్స్ మీద కొనుక్కుంటే ఆ డబ్బు లెక్కలోకి వస్తుంది. ఏడాదంతా నెలకో థైరాయిడ్ మాత్రల సీసా తప్ప ఇంకేం ఖర్చు లేనివాళ్లకి కార్డే మేలు. హెచ్ఎస్ఏ, అంటే వైద్యానికని పన్ను లేకుండా దాచుకునే ఖాతా, ఆ డబ్బుతో అయితే కార్డు ధర కూడా కట్టొచ్చు.

కౌంటర్లో నోరు తెరిచి అడగండి, ఇన్సూరెన్స్ మీద ఎంత, కార్డు మీద ఎంత, ఏదీ లేకుండా మీ సొంత ధర ఎంత అని మూడూ అడగండి. వెనకటికి చౌక ధర ఉన్నా కస్టమర్‌కి చెప్పకూడదని ఫార్మసిస్టుల నోరు కట్టేసే ఒప్పందాలుండేవి, 2018 అక్టోబరులో చట్టం చేసి అది తీసేశారు. ఇప్పుడు అడిగితే చెప్పొచ్చు, కానీ రద్దీలో మాకై మేం చెప్పే తీరిక ఉండదు, అది నిజం. మీ వెనక లైన్లో నలుగురు ఉన్నా సరే మొహమాటపడకుండా అడగండి.

విశాఖసముద్రం
ఆదివారం సాయంత్రం 5:30

మా బాబుకి టైప్ 1 షుగర్, తొమ్మిదేళ్లు వాడికి. ఇన్సులిన్‌కి ఈ మామూలు డిస్కౌంట్ కార్డుతో మాకు పెద్దగా తగ్గలేదు, తయారీ కంపెనీ వాళ్ల కార్డే ఆదుకుంది. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది, నేనూ అనుకున్నాను. కంపెనీ వాళ్లది ఆ ఒక్క బ్రాండ్ మందుకే, ఎక్కువగా ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి ఇస్తారు, ప్రభుత్వ ఇన్సూరెన్సులు మెడికేర్ (పెద్దవాళ్లది), మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవాళ్లది) ఉన్నవాళ్లు దాన్ని ఇన్సూరెన్స్‌తో కలిపి వాడకూడదు. ఇన్సులిన్‌కి మాత్రం ఇన్సూరెన్స్ లేకపోయినా ఇచ్చే కార్డులు కొన్ని ఉన్నాయి. ఇన్సులిన్ తయారుచేసే లిల్లీ కంపెనీ 2023 మార్చిలో ధరలు బాగా తగ్గించి నెలకి 35 డాలర్లు అని ప్రకటించింది, మెడికేర్ వాళ్లకైతే ఆ ఏడాది జనవరి నుంచే చట్టం ప్రకారం 35. అంతకుముందు మూడేళ్లు మేం ఎట్లా గడిపామో నాకు తెలుసు, ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా సీసాలో ఎంత మిగిలిందో కళ్లతో కొలుచుకునేదాన్ని. ఎవరికైనా ఇన్సులిన్ ఖర్చు భరించలేనట్టుంటే దయచేసి డోసు తగ్గించకండి, ఇక్కడ రాయండి, దారి చూపిస్తాను.

బెజవాడ_నాన్న
ఆదివారం రాత్రి 8:55

నేను విజయవాడలోనే ఉంటాను, మా అమ్మాయి వర్జీనియాలో. వచ్చే నెల వెళ్తున్నాం కాబట్టి ఇదంతా చదువుతున్నా. ఇక్కడి నుంచి బయల్దేరేవాళ్లకి నా అనుభవం ఒకటి. పోయినసారి మా డాక్టరు చీటీలో కంపెనీ పేర్లే రాశాడు, అక్కడ డాక్టరుకి ఒక్కటీ అర్థం కాలా, సీసా పట్టుకొని ఫోన్లో వెతుక్కున్నాడు. ఈసారి మందు అసలు పేర్లు రాయించుకున్నా. నాకు షుగర్‌కి విల్డాగ్లిప్టిన్ ఇచ్చారు, అది అమెరికాలో అసలు లేదంట, అందుకని సరిపడా తెచ్చుకోకపోతే అక్కడ మందే మార్చాలి, దాని బదులు రాసేది బ్రాండ్ అయితే ఏ కార్డుకీ లొంగని ధర. నేను జనౌషధి కేంద్రంలో కొంటాను, అక్కడ అట్ట మీద అసలు పేరే ఉంటది కాబట్టి ఆ పేర్లు చూసి చూసి నాకు అలవాటైపోయాయి.

ఫార్మసీకౌంటర్ (ఎడిసన్)
ఆదివారం రాత్రి 9:30

బాబాయ్ గారూ, ఈ మాట ప్రతి తల్లిదండ్రులకీ చెప్పాలండి. మాత్రలు డబ్బాలోకి ఒలిచి తేకండి, అట్టలతోనే తెండి, చీటీ కూడా చేతి సంచిలోనే పెట్టుకోండి.

తెనాలిఅమ్మాయి (ఫ్రిస్కో)
మంగళవారం రాత్రి 8:20

అప్‌డేట్ ఇస్తున్నా, కొంచెం పొడుగు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికే డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేశా, ఓఎస్ఎమ్ వద్దు మామూలు ఈఆర్ కావాలి అని అక్క చెప్పిన మాటే చెప్పా, ఆమె ఒక్క నిమిషం అని డాక్టర్నే అడిగి మధ్యాహ్నానికి మార్చి పంపింది. ఫార్మసీ కూడా మార్చమన్నా. యాప్‌లో చూస్తే మేం వెళ్లిన చోటు కంటే రెండు మైళ్ల అవతల కిరాణా దుకాణం లోపలున్న ఫార్మసీలో ధర బాగా తక్కువ.

ఇవాళ సాయంత్రం వెళ్లాం. ముందు కార్డు చూపించకుండా మీ సొంత ధర ఎంత అని అడిగా. థైరాయిడ్ మాత్రకి వాళ్ల జెనెరిక్ లిస్టులోనే 90 మాత్రలు 10 డాలర్లు అంట, దానికి కార్డు వద్దన్నాడు ఆ పెద్దాయన. మిగతా మూడింటికి కూపన్ అంకెలు కొట్టాడు. మెట్‌ఫార్మిన్ 14.20, గ్లిమెపిరైడ్ 15.60, టెల్మా అసలు పేరు టెల్మీసార్టన్, అది 18.90. మొత్తం 58 డాలర్ల 70 సెంట్లు. మూడు నెలలకి!! శనివారం 612 అన్న మందులే ఇవి. మధ్యలో ఒకసారి టెల్మీసార్టన్‌కి కూపన్ తీసుకోలేదు, స్క్రీన్ మీద ఎర్రగా ఏదో వచ్చింది, గుండె ఆగినంత పనైంది, ఆయనే ఇంకో కార్డు ఉందా అంటే పోస్టులో వచ్చిన ఆ కార్డు తీసిచ్చా, దానికి వచ్చింది. పారేయకుండా ఉంచినందుకు ఎంత సంతోషం వేసిందో.

ఇంటికొచ్చాక అమ్మ సీసాలన్నీ వంటింట్లో గట్టు మీద వరసగా పెట్టుకొని కళ్లజోడు పెట్టుకొని లేబుళ్లు చదువుకుంది. ఒకదాని మీద చిన్న అక్షరాలతో అరబిందో అని ఉంది. ఇది మన హైదరాబాద్ కంపెనీ కదే, మరి మనూళ్లో ధరకే వచ్చిందా అని అడిగింది. ఈసారి ధర చెప్పా. 58 డాలర్లని రూపాయల్లోకి మార్చుకొని కాస్త ఎక్కువే అంది గానీ, అన్నం తినగానే మాత్ర వేసుకుంది, నేను చూశా.

ఫార్మసీకౌంటర్ అక్కా, మీరెవరో తెలీదు, ఎడిసన్ వస్తే మీ ఇంటికొచ్చి మీ చేయి పట్టుకోవాలని ఉంది.

ఫార్మసీకౌంటర్ (ఎడిసన్)
మంగళవారం రాత్రి 9:05

రా తల్లీ, తప్పకుండా రా. మీ అమ్మగారు మాత్ర వేసుకున్నారన్నావు చూడు, అది చాలు. అప్పట్లో ఆమె ఆస్పత్రి పాలైన సంగతి చదివినప్పటి నుంచి మనసులో అదే మెదులుతోంది.

ఒక్క జాగ్రత్త. కూపన్ ధర ఆ రోజుదే, వచ్చేసారికి మారొచ్చు, ఒకప్పుడు తీసుకున్న దుకాణం తర్వాత తీసుకోకపోవచ్చు కూడా. మళ్లీ కొనేముందు యాప్‌లో ఇంకోసారి చూడు. థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ మాత్రం వీలైనంతవరకు ఒకే కంపెనీది వాడటం మంచిది, మారితే డాక్టర్‌కి చెప్పండి.

గోదారిగట్టు
మంగళవారం రాత్రి 9:40

చాలా సంతోషమండి. మీ ఇంటి దగ్గర చిన్న ఫార్మసీ, సొంతంగా నడుపుకునేవాళ్లది ఏదైనా ఉంటే వాళ్లని కార్డు లేకుండా మీ ధర ఎంత అని అడిగి చూడండి. ఈ కార్డుల మీద కొన్ని మందులకి వాళ్లకి మిగిలేదేమీ ఉండదంట, ఫీజు పోను నష్టం కూడా వస్తుందంట. మా వీధి చివర ఒకాయన కార్డు ధర కంటే ఒక డాలరు తక్కువకే ఇస్తున్నారండి నాకు.

కరీంనగర్_కాలంబస్
మంగళవారం రాత్రి 10:02

అక్కా మస్తు సంతోషమైంది. కాస్ట్ ప్లస్ డ్రగ్స్ అని ఆన్‌లైన్ ఫార్మసీ కూడ చూడు, మార్క్ క్యూబన్ అనే వ్యాపారవేత్తది, 2022 జనవరిల మొదలైంది. అసలు ధర మీద 15 శాతం, ఫార్మసీ పనికి 5 డాలర్లు, పోస్టు ఖర్చు వేరే, లెక్క మొత్తం సైట్ మీదనే రాసి ఉంటది. ఇంటికే వస్తది, కాని రోజులు పడ్తది, గోలీలు అయిపోయేదాక ఆగకుండ ముందే ఆర్డర్ పెట్టాలె.

కొత్తగా_వచ్చా
బుధవారం ఉదయం 6:45

నమస్తే, చదివి వెంటనే అకౌంట్ తెరిచాను. మా మామయ్య గారికి గ్రీన్ కార్డు ఉంది, మెడికేర్లో మందులకిచ్చే పార్ట్ డీ తీసుకున్నాం. ఆయన రక్తం పలచబడే మాత్రకి కార్డు మీద తక్కువ చూపిస్తుంది, వాడొచ్చా?

ఫార్మసీకౌంటర్ (ఎడిసన్)
బుధవారం ఉదయం 7:30

వాడొచ్చమ్మా, మెడికేర్ పక్కనపెట్టి ఆ ఒక్క మందు కార్డు మీద కొనుక్కోవచ్చు, రెండూ కలపకూడదు అంతే. కానీ పార్ట్ డీలో 2025 నుంచి ఏడాదికి మందుల ఖర్చు మీద పరిమితి పెట్టారు, ఆ ఏడాదికి 2000 డాలర్లు, అది దాటితే ఇక కట్టక్కర్లేదు. కార్డు మీద కొన్నది ఆ లెక్కలోకి దానంతట అది రాదు. ఆయనకి ఖరీదైన మందులు ఇంకా ఉంటే మెడికేర్ మీదే వెళ్లండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, మీ జిప్ కోడ్‌లో మొదటి మూడు అంకెలు ఇక్కడ పెట్టండి, సాయంత్రం డ్యూటీ దిగాక చూసి చెప్తాను.